ముఖముపై వ్రాతలు – వయస్సు లెక్కలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. కరణముల యింట పుట్టినవాడను. 1984లో ఆ పదవులు రద్దయిన పిదప మా తండ్రిగారు దస్తరమును అప్పగించి యింటికి వచ్చిరి. నాకు దక్కినది ఆయన చేతివ్రాతయు, లెక్క తప్పిన రాత్రి నిద్రపట్టని గుణమును మాత్రమే. సంఘపు చిట్టాలును, రైతుల పద్దులును వ్రాసికొనుచు, తీరిక వేళలందు ఈ గ్రంథాలయమున భారత భాగవతములు చదువుకొంటిని. ఇట్టివాడు చర్మశాస్త్రమును గూర్చి మాటలాడుట యేమని మీకు తోచవచ్చును. నేను వైద్యము చెప్పుటకు నిలువలేదు. కొలతను గూర్చి చెప్పుటకు నిలిచితిని. మనుష్యుని ముఖముపై వార్ధక్యము వ్రాసిన వ్రాతను వైద్య పరిశోధకులు ఎట్లు కొలుచుచున్నారు, ఆ కొలతలో న్యాయ మెక్కడ నున్నది అనునదే నా విషయము. దీనిని ఎన్నుకొనుటకు కారణము నా తప్పు. ముందుగా దానిని చెప్పుకొందును.

2005వ సంవత్సరమున మన ఊరిలో వృద్ధాప్యపు పింఛనుకు జాబితా వ్రాయవలసి వచ్చినది. అప్పటి నియమము ప్రకారము 65 ఏండ్లు నిండియుండవలెను. పుట్టిన తేది తెలిసినవారు పదిమందిలో ఒకరైనను లేరు. అర్జీలు నింపి, వయస్సు గడిలో అంకె వేయు పని నాకు అప్పగించిరి. మనిషి ముఖమును చూచుట, అంకె వేయుట. ఇంతే నేను చేసినది. ఆ వరుసలో అక్కచెల్లెండ్రు ఇద్దరు వచ్చిరి. ఇద్దరును మగ్గము గల యిండ్లలో మెట్టినవారే. పెద్దామె యింట మగ్గము నిలిచినది. ఆమె నలుబదియేండ్లు నీడపట్టున కూర్చుండి కండెలు చుట్టినది. చిన్నామె యింట మగ్గము మూలబడినది. ఆమె పులివెందుల వైపు వేరుసెనగ చేలలో కలుపుతీతకును, కాయలు పీకుటకును కూలికి పోయినది. నేను చెల్లెలి ముఖము చూచి 66 అని వ్రాసితిని. అక్క ముఖము చూచి 60 అని వ్రాసితిని.

పెద్దామె నాతో అన్న మాట ఇప్పటికిని నా చెవిలో నున్నది. “సామీ, దాన్ని సంకనేసుకోని తిరిగినదాన్ని నేను. అదెట్ల నాకంటే పెద్దదైతాది?” అని అడిగెను. మరియు చెప్పెను: స్వాతంత్ర్యము వచ్చిననాడు బడిలో మిఠాయి పంచుచుండిరట. మూడేండ్ల చెల్లెలిని చంకను వేసికొని తాను బడికి పోయెనట. అప్పుడు నాకు లెక్క తెలిసినది. మూడేండ్ల బిడ్డను ఎత్తుకొని పోగల పిల్లకు ఏడెనిమిదేండ్లయినను ఉండవలెను గదా! 1947 నుండి 2005 వరకు 58. ఎనిమిది కూడిన 66. మూడు కూడిన 61. నేను తలక్రిందులుగా వ్రాసితిని. కాని జాబితా అప్పటికే వెళ్లిపోయినది. అర్హత లేని చెల్లెలికి ముందుగా పింఛను వచ్చినది. అర్హత గల అక్క మరుసటి జాబితా వరకు వేచియుండవలసి వచ్చినది. ఆ సంవత్సరమంతయు చెల్లెలు తనకు వచ్చినదానిలో సగము అక్క చేతిలో పెట్టినదట. వారు నా తప్పును తమలో తాము సరిచేసికొనిరి. నా చిట్టాలో మాత్రము ఆ ఋణము అట్లే నిలిచియున్నది.

ఆ చెల్లెలి ముఖమున నేను చదివినది ఏండ్లను కాదు, ఎండను. ఈ భేదమును వైద్యశాస్త్రము ఎన్నడో గుర్తించినది. చర్మము రెండు విధముల ముదురును. కాలము వలన వచ్చునది ఒకటి. అది సన్నని గీతలతో, పలుచదనముతో మెల్లగా వచ్చును. ఎండ, పొగ, పొగాకు మొదలగు బయటి కారణముల వలన వచ్చునది రెండవది; అది లోతైన ముడుతలతో, మచ్చలతో, గరుకుదనముతో వచ్చును. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు చర్మములోనికి చొచ్చినపుడు, దానికి బిగువునిచ్చు కొల్లాజెన్ అను పోగులను తెంచు పదార్థములు లోపల పుట్టును. పడుగుపోగులు తెగిన బట్టవలె చర్మము సడలును. ఎవరి చర్మము ఎండ వలన ఎంత మారినదో తెలియవలెనన్న, ముఖమును దండచేయి లోపలివైపు చర్మముతో పోల్చి చూడుడు. రెండింటి వయస్సును ఒక్కటే. కాని రూపము ఒక్కటి కాదు.

దీనికి ప్రసిద్ధమైన నిదర్శన మొకటి 2012లో అమెరికాలోని ఒక పేరుపొందిన వైద్యపత్రికలో అచ్చయినది. 28 ఏండ్లు సరుకుల లారీ నడపిన 69 ఏండ్ల వ్యక్తి ఛాయాచిత్రమది. అతని ముఖమున ఎడమ చెంప లోతైన ముడుతలు పడి, కుడి చెంపకంటె ఎంతో ముదిరినట్లుండెను. కిటికీ అద్దము గుండా కూడ వచ్చు కిరణములు ఎడమవైపుననే పడుటయే కారణము. మన దేశమున డ్రైవరు కుడివైపున కూర్చుండును గనుక మనవారికైనచో కుడి చెంపపై ఎండ పడును. ఒకే మనుష్యునికి రెండు వయస్సుల ముఖములు! నేనే ఆ జాబితా వ్రాసియున్న, అతడు ఏ వైపు తిరిగి నిలిచెనో చూచి పింఛను ఇచ్చియుందును.

ఇక కొలత సంగతికి వత్తము. మీలో పెద్దలకు ఆనవారి యనిన తెలియును. పైరు చూచి, నిండు పంటను పదునారణాలుగా భావించి, ఇది పన్నెండణాలు, ఇది ఆరణాలు అని గ్రామోద్యోగులు కంటి అంచనా వేయుచుండిరి. కన్ను నేర్పు గలదే కావచ్చును. కాని ఆ కంటికి చుట్టములుందురు, భయములుందురు, గట్టు మీది యెండకు తొందరయు నుండును. 1940ల దశకమున మహలనోబిస్, సుఖాత్మే మొదలగు గణాంక పండితులు వేరొక మార్గమును బలపరచిరి. ఏ పొలమో, పొలములో ఏ మూలయో లాటరీవలె అంకెలచేత నిర్ణయించి, అంత చదరము కొలిచి, కోసి, నూర్చి, తూచుట. దానినే పంటకోత ప్రయోగ మందురు. అందు కంటి నేర్పు పోలేదు. కంటికి కట్టుబాటు వచ్చినది. మన తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు (1920–2023) ఆ మహలనోబిస్ యొద్దనే పనిచేసి, ఉత్తర భారతమున 1941లో తీసిన మానవ శరీర కొలతల విశ్లేషణలో పాలుపంచుకొనిరి. మనుష్యుని కొలుచు లెక్క మనవారికి కొత్త కాదని చెప్పుటకే ఈ మాట అంటిని.

ముడుతల విషయమునను ఇదే చిక్కు, ఇదే పరిష్కారము. వైద్యుడు ఒక ముఖమును చూచి “కొంచెము”, “మధ్యమము”, “ఎక్కువ” అని వ్రాసినచో, ఒకని కొంచెము మరొకని ఎక్కువ. అందుచే 1992లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున గ్రిఫిత్సు మొదలగు వైద్యులు ఒక మాపకమును సిద్ధము చేసిరి. ఎండదెబ్బ లేని చర్మమునకు సున్న, మిక్కిలి తీవ్రమైనదానికి 8. మాటలతో విడిచిపెట్టక 0, 2, 4, 6, 8 అను మెట్లకు నిజమైన ముఖముల ఛాయాచిత్రములను ప్రక్కన నిలిపిరి. పరీక్షకుడు తన యెదుటి ముఖమును ఆ చిత్రములతో పోల్చి అంకె వేయవలెను. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో గీటురాయి చూచినవారికి ఇది వెంటనే బోధపడును. మన నగను రాతిమీద గీచి, వన్నె తెలిసిన మచ్చు బంగారపు గీతను దాని ప్రక్కన గీచి, రెండింటిని పోల్చుదురు. మచ్చు లేని గీటు వట్టి గీతయే.

మచ్చు దొరకినంత మాత్రమున చాలదు. ఒకే ముఖమును ఇద్దరు పరీక్షకులు వేరువేరుగా చూచి వేసిన అంకెలు కలియవలెను. ఒకే పరీక్షకుడు కొన్నిదినముల తరువాత మరల చూచినను అదే అంకె రావలెను. కాకతాళీయముగా కలిసిన పాలును తీసివేసి, నిజముగా ఎంత కలిసినదో చెప్పు గణితము కూడ కలదు. మన కడపలో బ్రౌను దొర వేమన పద్యములకై పెక్కు వ్రాతప్రతులు తెప్పించి, పండితులచేత ఒకదానితో నొకటి సరిపోల్పించినది ఎందుకు? ఒక్క లేఖకుని చేతిని నమ్మిన ఆ చేతి తప్పే గ్రంథమగును గనుక.

యంత్రములును వచ్చినవి. చర్మముపై సిలికోను ముద్ద పోసి అచ్చు తీసి, ఆ అచ్చులోని లోయలను మిట్టలను కొలుచుట ఒకటి. చర్మమును చిన్న గొట్టముతో మెల్లగా పీల్చి వదలి, అది యెంత త్వరగా తిరిగి చదునగునో చూచి బిగువు తెలిసికొనుట మరొకటి. తేమను, వర్ణమును కొలుచు పరికరములు వేరుగా నున్నవి. ఛాయాచిత్రము తీయునపుడు గడ్డము ఆనించుటకు ఒక పీట, ఒకే దూరము, ఒకే వెలుతురు, నవ్వు లేని ముఖము ఉండవలెను. ఏలయన, ప్రక్కనుండి పడు వెలుతురులో ముడుత లోతుగా కనబడును. ఎదుటినుండి పడు వెలుతురులో మాయమగును. ముఖము కడిగించి, చల్లదనమును గాలిలోని తేమయు ఒక్కతీరుగ నుండు గదిలో కొంతసేపు కూర్చుండబెట్టి పిమ్మటనే కొలుచుదురు. తడిసిన చర్మము ఉబ్బి సన్నని గీతలను దాచును గదా! జమ్మలమడుగు ఎండలో నడచి వచ్చిన ముఖమును, గదిలో సేదదీరిన ముఖమును పోల్చిన, ఆ భేదము మందుది కాదు, ఎండది.

ఇంక ముఖ్యమైన మాట. భారతము ఆరణ్యపర్వమున చ్యవన మహర్షి కథ కలదు. ముడుతలు పడిన ఆ వృద్ధుడు అశ్వినీదేవతలతో కూడ కొలనులో మునిగి, వారివంటి యౌవనరూపముతో వెడలివచ్చెను. అక్కడ మాపకముతో పని లేదు, మార్పు అంతటిది. మనుష్యుల మందులు అశ్వినులు కావు. వాని వలన మార్పు కలిగినను వెంట్రుకవాసి యుండును. అంత చిన్న మార్పును చూడగోరు కన్నునకు కోరికయే కనబడు ప్రమాదము కలదు. అందుచే న్యాయమైన పరిశోధనలో ఒక వర్గమువారికి మందును, మరొక వర్గమువారికి మందు లేని అట్టి లేపనమునే ఇత్తురు. ఎవరికి ఏది అనునది లాటరీవలె నిర్ణయింతురు. కొన్ని పరీక్షలలో ఒకే మనిషికి ఒక చేతికి ఇది, రెండవ చేతికి అది పూయుదురు. పూసికొనువానికిని తెలియదు, అంకె వేయువానికిని తెలియదు. ఇరువురి కన్నులకును గంతలు కట్టిన పరీక్ష యిది.

ఆ గంతలు కూడ ఒక్కొక్కప్పుడు జారును. ట్రెటినోయిన్ అను లేపనముపై 1988లో ప్రకటించిన పరీక్షయే దానికి నిదర్శనము. 16 వారముల పరీక్షను 30 మంది పూర్తిచేసిరి. మందు పూసిన ముంజేతులు బాగుపడినవనియు, ఉత్త లేపనము పూసినవి బాగుపడలేదనియు తేలినది. కాని ఆ మందు పెక్కుమందికి చర్మమును ఎఱ్ఱబార్చి మండించెను. ఎఱుపు చూచినవానికి ఏ చేతికి మందు పూసిరో తెలిసిపోదా యని విమర్శకులు అడిగిరి. న్యాయమైన ప్రశ్న! పిదప జరిగిన పెద్ద పరీక్షలలోను మందుకు గుణము కలదని తేలి, 1995లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ ఆ లేపనమును సన్నని ముడుతలకు అనుమతించినది. ఒక్క లెక్క చాలదు. తనిఖీ లెక్క కావలెనని ఇందలి నీతి.

నాకు మిక్కిలి నచ్చిన పరీక్ష ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రమున జరిగినది. ఊరి పేరు నాంబోర్. మన గుంటూరు సీమలోని నంబూరు వంటి పేరే. 1992లో ఆరంభించి, ఒక వర్గమువారిని ప్రతిదినము తలకు, మెడకు, చేతులకు ఎండకాపు లేపనము పూసికొనుమనిరి. రెండవ వర్గమువారిని తమ యిష్టము వచ్చినపుడు పూసికొనుమనిరి. 55 ఏండ్లలోపు వయస్సు గల 903 మంది చేతి వెనుకభాగమునకు సిలికోను అచ్చులు తీసిరి. నాలుగున్నరేండ్ల తరువాత మరల తీసిరి. ఏ అచ్చు ఏ వర్గమువారిదో తెలియనివారిచేత అంకెలు వేయించిరి. 2013లో ఫలితము ప్రకటింపబడినది: ప్రతిదినము పూసికొన్నవారిలో చర్మము ముదురుట 24 శాతము తక్కువ. గొప్ప ముఖముల చిత్రములు లేవు, సినిమా తారలు లేరు. పనిచేయు చేతుల వెనుకభాగము మాత్రమే సాక్ష్యము చెప్పినది.

అయితే ఆ 24ను తెచ్చి మన చిట్టాలో ఉన్నదున్నట్లు వ్రాసికొనరాదు. అచ్చటివారిలో తెల్లని చర్మమువారే హెచ్చు. మన చర్మములోని మెలనిన్ అను నల్లని రంజకము కొంతవరకు గొడుగు పట్టును. అందుచే మనవారికి ముడుతలు సాధారణముగ ఆలస్యముగ వచ్చును. మచ్చలును, మంగును, వర్ణములో హెచ్చుతగ్గులును ముందుగా కనబడును. ముడుతలను మాత్రమే లెక్కించు మాపకముతో మన ముఖమును కొలిచిన, ఎండ చేసిన కీడు సగము లెక్కకు రాదు. ఒక ఊరి పడి మరొక ఊరి పడితో సరిపోక సంతలో తగవులు పడిన కాలమును మన పెద్దలు చెప్పగా వింటిమి. 1958 అక్టోబరు 1 నుండి దేశమున కిలోగ్రాముల తూకము మొదలయినది ఆ తగవులు తీర్చుటకే. చర్మపు మాపకములకును మన వర్ణమునకు తగిన మచ్చు చిత్రములు కావలెను. మనవారి ముఖములు పరిశోధనలో చేరినపుడే అది సాధ్యమగును.

ఇది యంతయు మనకేల యని కొందరనుకొందురు. ముడుతలు పోగొట్టుదుమను డబ్బాలు ఇపుడు పల్లెటూరి అంగడిలోను వ్రేలాడుచున్నవి. కూలి డబ్బుతో వానిని కొనుచున్న ఆడబిడ్డలున్నారు. వారికి నేను చెప్పునది ఇంతే: డబ్బామీది అంకెను చూచిన తోడనే నాలుగు ప్రశ్నలు అడుగుడు. దేనితో పోల్చి ఈ అంకె చెప్పిరి? అంకె వేసినవానికి మందు ఎవరికి పూసిరో తెలియునా? ముందటి బొమ్మయు వెనుకటి బొమ్మయు ఒకే వెలుతురులో తీసినవేనా? ఎందరితో ఆరంభించి, ఎందరితో ముగించిరి? మన దేశమున వైద్య పరీక్షలను ఆరంభింపక ముందే వ్రాయించుటకు 2007లో ఒక జాతీయ పట్టిక తెరచిరి. 2009 జూన్ 15 నుండి మందుల పరీక్షలను అందు చేర్చుట విధిగా చేసిరి. పంట చేతికి వచ్చిన పిదప పద్దు మార్చుటకు వీలులేకుండ, విత్తక ముందే వ్రాయించుట యన్నమాట. లెక్కలవాడనగుటచే నాకు ఇది మిక్కిలి ముచ్చటగా తోచినది.

ఎండలో పనిచేయక మనకు గడవదు. కాని నాంబోరు చేతులు చెప్పిన మాటను మన తలగుడ్డయు, నిండుచేతుల రవికయు, చెట్టునీడయు కూడ కొంత ఆచరణలో పెట్టగలవు. నడిమధ్యాహ్నపు పనిని ఉదయమునకు జరుపుకొనగలిగిన నాడు జరుపుకొనుడు. మానని పుండో, రూపు మారుచున్న మచ్చయో కనబడిన, లేపనముల జోలికి పోక వైద్యునికి చూపుడు.

చివరి మాట. కొలత యనునది కొలువబడువానిని కట్టివేయుటకు కాదు, కొలుచువానిని కట్టివేయుటకు. మచ్చు చిత్రము, ఇద్దరు పరీక్షకులు, కన్నులకు గంతలు, ముందుగా వ్రాసిన పద్దు ఇవన్నియు పరిశోధకుని చేతికి వేసిన కట్లు. ఆనాడు నా చేతికి ఏ కట్టును లేదు. అందుచే ఒక వృద్ధురాలు సంవత్సరము నష్టపోయెను. పింఛను వయస్సు 2019 నుండి 60కి తగ్గినది. కాని పుట్టిన తేది తెలియక, కార్డులో జనవరి 1 అని వ్రాయించుకొన్నవారు మన ఊరిలోనే ఎందరో కలరు. రేపు మీలో ఎవరైనను ఒక పెద్దమనిషి వయస్సు వ్రాయవలసి వచ్చిన, ముఖము చూచి వ్రాయకుడు. కూర్చుండబెట్టి అడుగుడు. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి ఎవరిని చంకను వేసికొని తిరిగితివమ్మా యని అడుగుడు. ఆమె చెప్పును.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా నాకు నేర్పినది అదియే. అట్టను చూచి పుస్తకమును చదివితిననుకొనరాదు.  స్వస్తి.